వెల్స్‌లోని వికార్స్ క్లోజ్: వెళ్లేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

మేం బ్రిస్టల్‌లో ఉంటాం. ఇండియా నుంచి ఎవరు వచ్చినా ఒకరోజు బాత్, ఒకరోజు స్టోన్‌హెంజ్ అయ్యాక మూడో రోజు వెల్స్‌కు తీసుకెళ్తాను. కేథడ్రల్ ముందు ఫొటోలు దిగేదాకా అంతా మామూలే. పక్కనున్న వికార్స్ క్లోజ్‌లోకి అడుగుపెట్టగానే ప్రశ్నలు మొదలవుతాయి, అవీ ప్రతిసారీ ఇంచుమించు అవే. పోయినసారి మా బావగారు అడిగినవాటికి సగం జవాబులు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక గుర్తొచ్చాయి. అందుకే ఒకచోట రాసిపెట్టాను. ఎక్కడ మొదలుపెట్టి చదివినా ఫర్వాలేదు.

## వెళ్లే ముందు

వికార్స్ క్లోజ్ అంటే బిల్డింగా, వీధా?

వీధి. ఇంగ్లండ్ నైరుతిలో, సోమర్‌సెట్ కౌంటీలో వెల్స్ అనే చిన్న ఊరుంది. వెల్స్ అంటే ఇక్కడ బావులు కాదు, ఊటలు. మన దగ్గర ‘బుగ్గ’ అని ఊళ్లకు పేర్లున్నట్టే. ఆ ఊరి కేథడ్రల్‌కు ఉత్తరం వైపు, రోడ్డు దాటగానే ఈ వీధి వస్తుంది. పొడవు సుమారు 460 అడుగులు, అంటే 140 మీటర్లు. రెండు పక్కలా గోడకు గోడ ఆనుకున్న రాతి ఇళ్లు వరసగా ఉంటాయి. దక్షిణం కొసన గేటు, దాని మీద భోజనశాల. ఉత్తరం కొసన చాపెల్, అంటే చిన్న ప్రార్థనాలయం, దాని మీద లైబ్రరీ. కింద చెక్కిన రాతి ముక్కలు పరిచారు. కేథడ్రల్‌లో పాడేవాళ్ల కోసం 14వ శతాబ్దంలో ఒక పథకం ప్రకారం కట్టిన కాలనీ ఇది. నన్నడిగితే దీన్ని వీధి అనుకుని చూడడం కంటే బ్రహ్మచారుల హాస్టల్ అనుకుని చూస్తే ప్రతి రాయికీ అర్థం దొరుకుతుంది.

వికార్ అంటే పాస్టరేనా? వీళ్లంతా ఫాదర్లా?

ఇప్పుడు ఇంగ్లండ్‌లో వికార్ అంటే ఊరి చర్చి ఫాదరే. కానీ ఆ మాటకు మొదటి అర్థం ‘బదులు మనిషి’. మధ్యయుగంలో కేథడ్రల్‌కు కేనన్లు అనే పెద్ద హోదా మతాధికారులు ఉండేవాళ్లు. వాళ్ల పోషణకు భూముల మీద ఆదాయం ఉండేది. దానికి బదులుగా రోజూ వేళ తప్పకుండా జరిగే ఆరాధనల్లో కూర్చుని పాడాలి, రాత్రి ఆరాధన కూడా మినహాయింపు కాదు. కేనన్లలో చాలామంది రాజుగారి కొలువులోనో, వేరే ఊళ్లోనో పనుల్లో ఉండేవాళ్లు. అందుకని ఒక్కో కేనన్ తన బదులు పాడడానికి మంచి గొంతున్న మనిషిని పెట్టుకోవాల్సి వచ్చింది. వాళ్లే వికార్స్ కోరల్. కొందరు పూర్తి స్థాయి ప్రీస్టులు, కొందరు అంతకంటే కింది మెట్టులో ఉన్నవాళ్లు. జీతం చిన్నది, పని మాత్రం రోజంతా ఉండేది.

యూరప్‌లోకెల్లా పాత వీధి అని గైడ్లు చెబుతారు. నిజమేనా?

విశేషణాలన్నీ కలిపి చెబితే నిజమే అనొచ్చు. యూరప్‌లో ఇంతకంటే పాత వీధులు బోలెడు, ఇంతకంటే పాత ఇళ్లూ ఉన్నాయి. ఇక్కడి గొప్పతనం వేరు. దుకాణాలు లేకుండా కేవలం నివాసం కోసం, ఒకే పథకం కింద కట్టిన మధ్యయుగపు వీధి, రెండు వరసలూ మిగిలి, ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్నది ఇది. అలాగని కట్టినది కట్టినట్టే ఉందనుకోకండి. ఆరున్నర శతాబ్దాలుగా లోపల గోడలు పడ్డాయి, లేచాయి, కిటికీలు మారాయి. మారని మొహం వెనక చాలా మారిన ఇళ్లివి. కట్టడాల రక్షణలో ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై మెట్టు అయిన గ్రేడ్ 1 జాబితాలో ఉన్నాయి.

మెదక్ చర్చిలాగా ఇదీ సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లదేనా?

ఈ ప్రశ్న మా పిన్నిది. వెల్స్ కేథడ్రల్ చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌ది, అంటే ఆంగ్లికన్. మెదక్ చర్చిని వెస్లియన్ మెథడిస్ట్ మిషన్ కట్టించింది, 1924లో ప్రారంభమైంది. మన వైపు ఆంగ్లికన్ల కేంద్రం డోర్నకల్. 1912లో అక్కడ బిషప్ అయిన అజరయ్య ఆంగ్లికన్లలో మొట్టమొదటి భారతీయ బిషప్. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకొన్ని సంఘాలు కలిసి సీఎస్‌ఐ అయ్యాయి. కాబట్టి వెల్స్‌కూ డోర్నకల్‌కూ చుట్టరికం దగ్గర, మెదక్‌కు కొంచెం దూరం.

టికెట్ ఉందా? ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?

వీధిలో నడవడానికి టికెట్ లేదు. గేటు మీది హాలు మాత్రం ఎప్పుడూ తెరిచి ఉండదు, ముందే కనుక్కుని వెళ్లండి. వీధి ఉత్తర దక్షిణాలుగా ఉంది కాబట్టి పొద్దున ఒక వరస మీద, సాయంత్రం రెండో వరస మీద ఎండ పడుతుంది. నడి మధ్యాహ్నం రెండు వరసలూ వెలుగులో ఉంటాయి. వెల్స్‌కు రైలు లేదు. బ్రిస్టల్ నుంచి గానీ బాత్ నుంచి గానీ సుమారు 20 మైళ్లు, బస్సులున్నాయి. హీల్స్ వేసుకోకండి, ఆ రాళ్ల మధ్య ఇరుక్కుంటాయి.

## గేటు దగ్గర

ఇదంతా ఎవరు కట్టించారు? ఎందుకు?

రాల్ఫ్ ఆఫ్ ష్రూస్‌బరీ అనే బిషప్. 1329 నుంచి 1363లో చనిపోయేదాకా ఈ పదవిలో ఉన్నాడు. అంతకుముందు గాయకులు ఊళ్లో ఎక్కడ పడితే అక్కడ అద్దెకుండేవాళ్లు. పెళ్లి చేసుకోకూడని కుర్రాళ్లు సత్రాలూ సంతలూ ఉన్న ఊరి మధ్య విడివిడిగా ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పై అధికారులకు అది పెద్ద టెన్షన్. 1348లో బిషప్ వాళ్లను ఒక కాలేజీగా, అంటే ఒకే కట్టుబాటు కింద కలిసి బతికే సంఘంగా ఏర్పాటు చేశాడు. ముందు హాలు, ఆ వెనక ఇళ్లు.

హాల్లో ఒక పాత పెయింటింగ్ ఉంది. బిషప్ కూర్చుని ఉంటే గాయకులు మోకాళ్ల మీద నిలబడి, ఊరంతా చెదిరి ఉన్నాం, మీరిచ్చే ఇళ్లలో ఒక్కచోట ఉండనివ్వండి తండ్రీ అని లాటిన్ పద్యంలో వేడుకుంటున్నట్టు ఉంటుంది. వాళ్లే అడిగారని బొమ్మ చెబుతుంది. నాకైతే వార్డెన్ గదిలో వేలాడదీయడానికి హాస్టల్ యాజమాన్యం గీయించుకున్న బొమ్మలా అనిపిస్తుంది. ఆ బొమ్మలో ఇంకో తమాషా ఉంది. తర్వాతి కాలంలో ఎవరో మెడ చుట్టూ కుచ్చుల కాలర్లు పెట్టుకున్న మనుషుల్ని చేర్చి గీశారు. ఆ కాలర్లు 1348కి రెండు శతాబ్దాల తర్వాతి ఫ్యాషన్.

1348 అంటే ప్లేగు వచ్చిన ఏడాది కదా? అప్పుడు కట్టడం ఎలా సాగింది?

మెల్లగా సాగింది. బ్లాక్ డెత్ ఇంగ్లండ్‌ను తాకింది ఆ ఏడాదే. 1349 జనవరిలో ఇదే బిషప్ రాల్ఫ్ తన చర్చిలన్నిటికీ ఒక ఉత్తరం పంపాడు. చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు ప్రీస్టు దొరక్కపోతే పాపాలు మామూలు మనిషికి చెప్పుకోవచ్చు, మగవాళ్లు లేకపోతే ఆడమనిషికైనా చెప్పుకోవచ్చు అని. ఆ రోజుల్లో ఒక బిషప్ నోట ఆ మాట వచ్చిందంటే పరిస్థితి ఎంత దారుణంగా ఉందో చూడండి. వీధి మాత్రం ఆగిపోలేదు. 1363 నాటికి కొన్ని ఇళ్లు ఉన్నాయి, 1412 నాటికి అన్నీ పూర్తయ్యాయి. అంటే మొదలుపెట్టిన బిషప్ రెండు వరసలూ పూర్తవగా చూడలేదు. వరసలు అంత ఒక్క తీరుగా ఉండడం చూసి ఒక్క ఊపులో కట్టారనుకుంటాం, కానీ దాదాపు రెండు తరాలు పట్టింది.

గేటు మీద ఉన్న ఆ పెద్ద గది ఏమిటి?

మెస్. వికార్స్ హాల్ అంటారు. 1348 నాటికే తయారైంది, వీధి మొత్తానికి మొదటి కట్టడం. కింద బండి పట్టేంత పెద్ద కమాను, పక్కన మనిషి పట్టే చిన్న కమాను. మీద భోజనాల హాలు, దాన్ని ఆనుకుని వంటశాల. ఎవరి ఇంట్లో వాళ్లు పడుకున్నా తిండి మాత్రం ఇక్కడే, అందరితో కలిసి. కేథడ్రల్ వైపు రోడ్డు మీదికి పోవాలంటే ఈ కమాను కిందుగానే పోవాలి కాబట్టి మెస్‌కు మెస్, కాపలాకు కాపలా.

లోపల చూడాల్సింది నిప్పుగూడు. దాని పక్కన రాతిలోనే చెక్కిన చదువు పీఠం ఉంది. అందరూ తింటుంటే ఒకరు అక్కడ నిలబడి గ్రంథం చదివేవారు, మిగతావాళ్లు మాట్లాడకుండా వినాలి. ఆ నిప్పుగూడు మీద రిచర్డ్ పోమ్‌రాయ్ అనే వికార్ పేరుంది. మీ ప్రార్థనల్లో నన్ను తలచుకోండి అని రాతిలో చెక్కించి పోయాడు. చలికాలంలో మంట దగ్గరికి చేరే ప్రతివాడి కంట పడే చోటు ఎంచుకున్నాడంటే మహా తెలివైనవాడే.

హాలు నుంచి రోడ్డు మీదుగా కేథడ్రల్‌లోకి వంతెన ఎందుకు?

దాన్ని చైన్ గేట్ అంటారు. థామస్ బెకింగ్టన్ బిషప్‌గా ఉన్నప్పుడు, 1459-60లో కట్టారు. హాలులోంచి అడుగు బయట పెట్టకుండా నేరుగా కేథడ్రల్ మెట్ల మీదికి చేరొచ్చు. కేనన్లు సమావేశమయ్యే చాప్టర్ హౌస్‌కు వెళ్లే ఆ మెట్లు నీటి అలల్లా అరిగిపోయి, ఒక పాయ కుడివైపు తిరిగి, ఇంకో పాయ నిటారుగా ఈ వంతెన వైపు ఎక్కుతాయి. అర్ధరాత్రి వానలో ఆరాధనకు పోవాల్సినవాడికి నెత్తి మీద కప్పున్న దారి ఎంత సుఖమో సోమర్‌సెట్‌లో ఒక్క నవంబర్ గడిపితే అర్థమవుతుంది. ఇంకో ఉపయోగమూ ఉంది. పనికి పోతూ వస్తూ ఊళ్లో తేలే అవకాశం పోయింది. వంతెన కింద ఇప్పటికీ బండ్లు తిరుగుతుంటాయి, ఫొటో కోసం రోడ్డు మధ్యకు వెళ్లకండి.

## వీధిలో నడుస్తూ

గేటు నుంచి చూస్తే వీధి అంత పొడవుగా ఎందుకు కనిపిస్తుంది?

రెండు వరసలూ సమాంతరంగా లేవు. గేటు దగ్గరి కంటే చాపెల్ దగ్గర వీధి దాదాపు 10 అడుగులు, అంటే 3 మీటర్లు సన్నగా ఉంటుంది. దూరం పోయేకొద్దీ వెడల్పు తగ్గడం మన కంటికి అలవాటే, రైలు పట్టాల్లాగా. ఇక్కడ నిజంగానే తగ్గుతుంటే కన్ను దాన్ని కూడా దూరం ఖాతాలో వేసుకుంటుంది. పైన పొగగొట్టాల వరస ఆ మాయను ఇంకా పెంచుతుంది. చాపెల్ దగ్గరికి వెళ్లి వెనక్కి తిరగండి. అదే వీధి పొట్టిగా, గేటు పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది. వెళ్లేటప్పటి కంటే తిరుగు దారి తక్కువైనట్టుంటుంది.

మా బావగారు సివిల్ ఇంజినీరు, నా మాట నమ్మలేదు. గేటు వైపు ఒకసారి, చాపెల్ వైపు ఒకసారి ఈ గోడ నుంచి ఆ గోడకు అడుగులు వేసి కొలిచారు. నాలుగు అంగల తేడా వచ్చింది, ఆయన అంగ అంటే రెండున్నర అడుగులు. ‘ఇది కావాలని చేశారా, స్థలం అలా ఉందా?’ అన్నారు. కావాలనే చేశారని అందరూ చెప్పుకుంటారు. ఆయన మటుకు సర్వే తప్పు అనే తేల్చారు.

పొగగొట్టాలు ఇంటి ముందుభాగంలో ఎందుకున్నాయి?

నిప్పుగూళ్లు ముందు గోడలో ఉన్నాయి కాబట్టి. మామూలుగా ఇంగ్లిషు ఇళ్లలో పొగగొట్టం ఇంటి నడుమనో, పక్క గోడ మీదో లేస్తుంది. ఇక్కడ కింది గదికీ పై గదికీ నిప్పుగూడు వీధి వైపు గోడలోనే పెట్టారు. దాంతో ప్రతి ఇంటి మొహం మీద నేల నుంచి లేచిన రాతి స్తంభంలా పొగగొట్టం నిలబడింది. చూరు దాటాక ఎనిమిది పలకలు తిరిగి ఇంకా పైకి పోతుంది. ఈ వీధి అందమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఆ గొట్టాలను తీసేసి ఊహించుకోండి, పొట్టి పొట్టి రాతి గదుల వరస మిగులుతుంది. అవి ఉంటే గుళ్లో స్తంభాల మధ్య నడుస్తున్నట్టుంటుంది. అంత పొడవు మొదట్లో లేదు. బిషప్ బెకింగ్టన్ 1465లో చనిపోయాక ఆయన వదిలిన సొమ్ముతో వాటిని ఎత్తు పెంచి కొత్తగా చేయించారు.

పొగగొట్టాల మీద డాలు బొమ్మలున్నాయి. అవి ఎవరివి?

అవి గుర్తింపు చిహ్నాలు. కొన్ని వెల్స్ బిషప్ పీఠానివి, కొన్ని బెకింగ్టన్‌వి, మిగతావి ఆయన వీలునామా అమలుచేసిన ముగ్గురివి. ఆ ముగ్గురు హ్యూ షుగర్, రిచర్డ్ స్వాన్, జాన్ పోప్. పేరును బొమ్మగా మార్చడం ఆ కాలం వాళ్లకు సరదా. షుగర్ గారి డాలు మీద మూడు చక్కెర దిమ్మలు ఉంటాయి. అప్పట్లో చక్కెర మనం చూసే పలుకుల్లా కాదు, కోను ఆకారపు గట్టి దిమ్మగా వచ్చేది. బెకింగ్టన్ పేరుకు కూడా ఊళ్లో ఆయన కట్టించిన చోట్ల బొమ్మ కనిపిస్తుంది. ‘బీకన్’ అంటే కొండ మీద వెలిగించే మంట, ‘టన్’ అంటే పీపా. మంట, పీపా కలిపితే ఆయన పేరు. మెడ నొప్పి పుట్టినా ఆ చక్కెర దిమ్మల్ని వెతకండి. పిల్లలుంటే ఎవరు ముందు కనిపెడతారో పందెం పెట్టండి, అరగంట మీకు విశ్రాంతి.

ఇళ్ల ముందున్న చిన్న తోటలు మొదటి నుంచీ ఉన్నాయా?

లేవు. మొదట రెండు వరసల మధ్యా ఒకే విశాలమైన ముంగిలి ఉండేది, కాలేజీ ఆవరణలాగా. గడప దాటితే అందరి స్థలం. 15వ శతాబ్దం మొదట్లో ఒక్కో ఇంటి ముందు పొట్టి ప్రహరీ, చిన్న గేటు, కాస్త తోట వచ్చాయి. ఈ చిన్న మార్పుతోనే ఆవరణ వీధి అయిపోయింది. అంతకుముందు కిటికీలోంచి చూస్తే ఎదురింటివాడి కదలికలన్నీ తెలిసేవి. ప్రహరీ రాగానే ‘మా ఇల్లు’ అనే మాటకు చోటొచ్చింది. ఇప్పుడు ఆ తోటల్లో గులాబీలూ కుండీలూ చూసి మధ్యయుగం అంటే ఇంత ముచ్చటగా ఉండేదా అనుకుంటారు. ముచ్చట తర్వాత వచ్చింది.

ఏ రాయితో కట్టారు?

గోడలకు చుట్టుపక్కల దొరికే రాయిని పెద్దగా చెక్కకుండా పేర్చారు. ద్వారబంధాలు, కిటికీ అంచులు, చెక్కుడు పని ఉన్నచోట్ల తూర్పున కొద్ది మైళ్లలో ఉన్న డౌల్టింగ్ గనుల సున్నపురాయి వాడారు. కేథడ్రల్ కట్టిందీ ఆ డౌల్టింగ్ రాయితోనే. పొద్దుటి ఎండలో తేనెరంగుకు దగ్గరగా, వాన పడితే బూడిద రంగులో ఉంటుంది. మంచి రాయి ఖరీదు కాబట్టి కంటికి ఆనేచోట అది, మిగతాచోట మామూలు రాయి. ఇల్లు కట్టించిన ఎవరికైనా ఈ లెక్క తెలిసిందే.

## ఇంటి లోపల

మొదట్లో ఒక్కో ఇల్లు ఎంత ఉండేది?

కింద ఒక గది, పైన ఒక గది, అంతే. కింది గది సుమారు 20 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు. పైదీ అదే కొలత. రెండు అంతస్తులూ కలిపి మన లెక్కలో 520 చదరపు అడుగులు. ఇప్పటి సిటీ స్టూడియో ఫ్లాట్ కంటే నయమే. ఒక్క మనిషికి రెండు గదులు, రెండింటిలో నిప్పుగూళ్లు అంటే ఆ రోజుల్లో తక్కువ వసతి కాదు. మఠాల్లో సన్యాసులు ఒకే పొడుగాటి హాల్లో పడుకున్న కాలం అది. ఈ గాయకులు మఠం సన్యాసులు కాదు, గృహస్థులూ కాదు. వాళ్ల ఇల్లు కూడా అలా నడిమధ్యన ఉంది. తలుపేసుకునే హక్కుంది, పొయ్యి మీద అన్నం వండుకుని కాపురం పెట్టే హక్కు లేదు.

వంటిల్లు, బాత్రూమ్ ఎక్కడ?

వంటిల్లు ఇళ్లలో లేదు. భోజనం గేటు మీది హాల్లో అందరితో కలిసి. నిప్పుగూళ్లు చలి కాచుకోవడానికి. వెనక తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్తే మరుగుదొడ్డి, కాళ్లూ చేతులూ కడుక్కునే చోటు. మా అత్తగారు ఇది విని ‘మన పాత ఇళ్లలోనూ దొడ్డి పెరట్లోనేగా’ అని ఊరుకున్నారు. ఇక్కడ ఆశ్చర్యపోయేది ఎప్పుడూ పిల్లలే.

44 ఇళ్లు అని విన్నాను. ఇప్పుడు 27 అంటున్నారు. మిగతావి కూల్చేశారా?

కూల్చలేదు, కలిపేశారు. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్ పోప్ నుంచి విడిపోయాక మతాధికారులు పెళ్లి చేసుకోవచ్చని 1549లో చట్టం వచ్చింది. మేరీ రాణి కాలంలో రద్దయి, ఎలిజబెత్ కాలంలో ఆచరణ మళ్లీ నిలదొక్కుకుంది. ఆరాధన పద్ధతి మారడంతో గాయకుల సంఖ్య కూడా పడిపోయింది. ఒకపక్క ఇళ్లు ఖాళీ, ఇంకోపక్క పెళ్లాం పిల్లలతో 20 అడుగుల గదిలో ఇరుకు. ఏం చేస్తారు? మధ్య గోడకు కన్నం పెట్టి పక్క వాటా కూడా తీసుకున్నారు. వంటిళ్లు లోపలికి వచ్చాయి, వెనక వైపు ఇళ్లు పెరిగాయి. హాస్టల్ కాస్తా ఫ్యామిలీ క్వార్టర్స్ అయింది.

ఇది బయటి నుంచే పట్టుకోవచ్చు. తలుపుల్ని కాదు, పొగగొట్టాల్ని లెక్కపెట్టండి. రెండు గొట్టాలకు వాడకంలో ఉన్న తలుపు ఒకటే అయితే అది చాలావరకు రెండు ఇళ్లు కలిసిన ఇల్లే. లోపల ఎవరు ఎంత మార్చుకున్నా పై వరస పాత హాజరు పట్టీలా నిలిచింది.

కిటికీలు ఒక్కోటి ఒక్కోలా ఉన్నాయేం?

ఎవరి కాలంలో వాళ్లు మార్చుకున్నారు. కొన్ని సన్నటి రాతి కమ్మీలున్న పాత పద్ధతి కిటికీలు, కొన్ని కింద నుంచి పైకి జరిపే చెక్క చట్రాల కిటికీలు. రెండో రకం 18వ శతాబ్దపు ఇష్టం, గదిలోకి వెలుతురు బాగా వస్తుంది. 19వ శతాబ్దంలో మధ్యయుగం మీద మోజు పెరిగి కొన్ని ఇళ్లను పాత రూపానికి మళ్లించే మరమ్మతులు చేశారు. కాబట్టి బాగా పాతగా కనిపించే కిటికీ నిజానికి కొత్తది కావచ్చు. అన్నీ ఒకేలా ఉంటే ఈ వీధి సినిమా సెట్టింగులా ఉండేదని నా అనుమానం.

ఇప్పుడెవరుంటున్నారు? లోపలికి వెళ్లి చూడొచ్చా?

ఇప్పటికీ కేథడ్రల్ క్వయర్‌లో, అంటే గాయక బృందంలో, పాడే పెద్దవాళ్లను వికార్స్ కోరల్ అనే పిలుస్తారు. వాళ్లు ఇక్కడ ఉంటారు, ఆర్గన్ వాయించేవాళ్లు, కేథడ్రల్ సిబ్బంది కూడా. కొన్ని ఇళ్లు వెల్స్ కేథడ్రల్ స్కూల్ వాడుకుంటుంది. ఉద్యోగానికి ముడిపడిన ఇళ్లే ఎక్కువ. 1348లో ఏ పనివాళ్ల కోసం కట్టారో ఆ పనివాళ్లే ఉండడం నాకు ఆ రాళ్లకంటే వింతగా తోస్తుంది.

ఇవి కాపురాలున్న ఇళ్లు. మా బంధువొకాయన కిటికీ అద్దానికి మొహం ఆనించి చూస్తుంటే లోపల ఎవరో సోఫాలో కూర్చుని టీ తాగుతున్నారు. ఆయన నమస్కారం పెట్టారు, లోపలివాళ్లు కప్పు ఎత్తి చూపించారు. గొడవ కాలేదు గానీ, మీరు ప్రయత్నించకండి.

## చాపెల్ దాకా వచ్చాక

పక్కనే అంత పెద్ద కేథడ్రల్ ఉండగా ఇంకో చాపెల్ ఎందుకు?

కేథడ్రల్‌లో పాడడం ఉద్యోగం. ఇది వాళ్ల సొంత పూజగది. 1420ల్లో, ఇళ్లు పూర్తయ్యాక కట్టారు. కింద ప్రార్థన, పైన లైబ్రరీ. వీధి వైపు గోడ మీద ఆ కాలపు బిషప్పుల డాళ్లు చెక్కి ఉంటాయి. అంతకు రెండు శతాబ్దాల ముందటి చెక్కుడు రాళ్లను కూడా ఎక్కడి నుంచో తెచ్చి ఆ గోడలో పొదిగారు. కొత్త గోడలో పాత ఆకుల నగిషీ ఎక్కడ మొదలవుతుందో దగ్గరికి వెళ్లి చూడండి, చెయ్యి మారిన సంగతి తెలిసిపోతుంది.

కట్టడం లెక్కలో దీని పని ఇంకొకటి. చాపెల్ రాకముందు వీధికి ఈ కొస తెరిచిన నోరులా ఉండేది. ఇది వచ్చి మూత పెట్టింది. ఒక కొసన తిండి, ఒక కొసన ప్రార్థన, మధ్యలో నిద్ర. రోజంతా ఈ 460 అడుగుల్లో గడిచిపోతుంది.

## ఇంటికొచ్చాక వచ్చే అనుమానాలు

ఇది మన అగ్రహారం లాంటిదేనా?

పైకి చూస్తే అవునంటారు. గుడి దగ్గర రెండు వరసల ఇళ్లు, ఉమ్మడి గోడలు, ఆ గుడి పనితోనే బతుకు. తేడా ఎక్కడంటే, అగ్రహారంలో ఇల్లు కుటుంబానిది, తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. అందుకే ఆ ఇల్లు వెనక్కి పోతుంది. అరుగు, వసారా, మండువా, వంటిల్లు, పెరడు, బావి. వికార్స్ క్లోజ్‌లో ఇల్లు పదవిది. గాయకుడు పోతే తాళం కాలేజీకి. వారసత్వం లేదు, వంటిల్లు లేదు, కూర్చుని కబుర్లాడే అరుగు అసలే లేదు. పెళ్లిళ్లు మొదలయ్యాక ఇళ్లు వెనక్కి పెరిగిన తీరు చూస్తే మాత్రం, కుటుంబం వచ్చిన చోట ఇల్లు ఒకే దారి పడుతుందని ఒప్పుకోవాలి.

ఇలాంటి వీధులు ఇంగ్లండ్‌లో ఇంకెక్కడైనా ఉన్నాయా?

గాయకుల కాలేజీలు చాలా కేథడ్రల్స్‌కు ఉండేవి, ఇంత నిండుగా మిగిలింది ఇదొక్కటే. లిచ్‌ఫీల్డ్‌లో చెక్క చట్రాల ఇళ్లు చిన్న ముంగిళ్ల చుట్టూ ఉన్నాయి, తీరిక ఉంటే చూడాల్సినవి. హెర్‌ఫర్డ్‌లో వీధి కాదు, నాలుగువైపులా వసారా తిరిగిన చతురస్రం, 1470ల నాటిది. యార్క్‌లోని బెడెర్న్ 19వ శతాబ్దానికి మురికివాడగా మారి చివరికి హాలూ చాపెల్ గోడలూ తప్ప పెద్దగా మిగల్లేదు. ఎక్సెటర్‌లో హాలు 1942 బాంబు దాడిలో పోయింది, మొండిగోడలు మెయిన్ రోడ్డు పక్కన ఇప్పటికీ ఉన్నాయి.

చిచెస్టర్‌ది అన్నిటికంటే చిత్రమైన కథ. అక్కడా వికార్స్ క్లోజ్ ఉంది, రెండు వరసలూ ఉన్నాయి. కానీ ఒక వరసకు వెనక వైపున సౌత్ స్ట్రీట్ అనే బజారు వీధి ఉంది. వ్యాపారం ఎటుంటే మొహం అటు తిప్పారు. వెనక గోడలు దుకాణాల ముందుభాగాలయ్యాయి, పాత వీధి వైపు అడ్డుగోడ లేచింది. ఇప్పుడు ఆ క్లోజ్‌లో నడిస్తే ఒక పక్కే ఇళ్లు, రెండో పక్క గోడ. బయటికొచ్చి సౌత్ స్ట్రీట్‌లో షాపింగ్ చేస్తే మీరు నిలబడింది ఏ గాయకుడి పడకగది కిందో మరి.